ఇటీవల చూసిన సినిమాలు: ఏ సన్నివేశం నిజమనిపించింది, ఏది కాదనిపించింది?

పానగల్లు కట్ట (నల్లగొండ), ఆదివారం రాత్రి 8.15

నెలకు రెండు సినిమాలైనా థియేటరుకు వెళ్ళి చూసే అలవాటు నాకు ఇంకా పోలేదు. నాలుగు వారాలు ఓపిక పడితే అదే బొమ్మ ఇంట్లోనే పడుతుంది కదా అని మా వాళ్ళు నన్ను చూసి నవ్వుతారు, వారి లెక్క తప్పు కూడా కాదు. "కోర్ట్" 2025 మార్చి 14న విడుదలై సరిగ్గా నాలుగు వారాలకు, ఏప్రిల్ 11న, నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. బాల్కనీ టికెట్టు 177 రూపాయలున్న చోటికి నలుగురం వెళితే 708 రూపాయలు గేటు దగ్గరే చెల్లిపోతాయి. విరామంలో పిల్లలు అడిగేవాటి లెక్క వేరు. అయినా నిండిన హాలులో, పక్కన కూర్చున్నది ఎవరో తెలియకుండానే వారితో కలిసి నవ్వడం ఇంట్లో దొరకదని నా పట్టుదల.

ఈ మధ్య ఆ నవ్వు "లిటిల్ హార్ట్స్"లో దండిగా దొరికింది. ఎంసెట్‌లో ర్యాంకు రాక లాంగ్‌టర్మ్ కోచింగులో చేరిన కుర్రవాడి కథ అది. పెద్ద హీరో లేడు, ఫైట్లు లేవు. మా తమ్ముడి కొడుకును దిల్‌సుఖ్‌నగర్ హాస్టలులో దించి, ట్రంకు పెట్టెకు తాళం వేసి, రెండో తాళంచెవి నా జేబులో పెట్టుకొని ఒక్కడినే బస్సులో తిరిగి వచ్చిన సాయంత్రం నాకు గుర్తుకు వచ్చింది. రాజీవ్ కనకాల ముఖంలో కోపమూ ఆశా ఒకదాన్నొకటి తోసుకోవడం చూసి, ఈ తండ్రిని నేను ఎరుగుదును అనుకున్నాను. "మిరాయ్"కు మాత్రం పిల్లల కోసమే వెళ్ళాను. ఆ పెద్ద పక్షి వచ్చే ఘట్టంలో మా చిన్నవాడు కుర్చీ మీద లేచి నిలబడ్డాడు; నాకు కథ కన్నా వాడి ముఖమే ఎక్కువగా గుర్తున్నది.

కలెక్షన్ల లెక్కలు, మా హీరో మీ హీరో వాదాలు ఇక్కడ వద్దని మనవి. ముగింపులు కూడా చెప్పవద్దు. మీకు స్వయంగా తెలిసిన బతుకు తెర మీద కనిపించినప్పుడు "ఇది నిజమే" అనిపించినదో, "ఇలా ఎక్కడైనా జరుగుతుందా" అనిపించినదో ఒక సన్నివేశం చెప్పండి.

నల్లకోటు (సూర్యాపేట), ఆదివారం రాత్రి 9.02

మీరు "కోర్ట్" పేరెత్తారు కాబట్టి వకీలుగా ముందు నేనే మాట్లాడవలసి వస్తున్నది. అది నాకు నచ్చిన సినిమా. కథాకాలం 2013 కావడం చాలా తెలివైన ఎంపిక, ఎందుకంటే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడడానికి తెచ్చిన పోక్సో చట్టం అమలులోకి వచ్చినది 2012 నవంబరు 14న. అప్పటికి ఆ చట్టం పోలీసులకూ కొత్తే, మాకూ కొత్తే. సమ్మతి వయసు పదహారు నుంచి పద్దెనిమిదికి పెరిగిందన్న సంగతి పల్లెలకు చేరలేదు. సినిమాలో ప్రేమించుకున్నది పందొమ్మిదేళ్ళ అబ్బాయి, పదిహేడేళ్ళ అమ్మాయి అన్న లెక్క అక్కడే బిగుసుకుంటుంది. సాధారణ కేసులో నేరాన్ని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. ఈ చట్టంలోని 29వ సెక్షన్ కింద వచ్చే నేరాలలో మాత్రం నిందితుడు తప్పు చేశాడనే న్యాయస్థానం భావించి మొదలుపెడుతుంది, కాదని చూపించుకోవలసినది అతడే. అంత బరువైన విషయాన్ని మామూలు ప్రేక్షకుడికి అర్థమయ్యేలా చెప్పడం చిన్న పని కాదు.

ఇక నిజం కానిది. ఇది ఆ ఒక్క సినిమా మీద ఫిర్యాదు కాదు, తెర మీది న్యాయస్థానాలన్నింటి మీదా ఉన్నది. పోక్సో విచారణ బహిరంగంగా జరగదు, తలుపులు మూసే జరుగుతుంది. బాధితురాలైన బాలికను వకీలు నేరుగా అడగరాదు. ప్రశ్నను జడ్జి గారికి చెబితే వారు అమ్మాయిని అడుగుతారు. అన్నింటికన్నా ముఖ్యమైన తేడా, నిజమైన క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఉరుములు మెరుపులు ఉండవు. నేను ఒక ప్రశ్న అడుగుతాను, సాక్షి జవాబిస్తాడు, జడ్జి గారు దాన్ని వాక్యంగా మార్చి చెబుతారు, టైపిస్టు కొట్టడం పూర్తయ్యేదాకా అందరమూ ఫ్యాను వైపు చూస్తూ నిలబడతాము. మధ్యాహ్నానికి కాగితం మీద మిగిలేది "నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననడం నిజం కాదు" అనే వాక్యం, అది కూడా ప్రతి సాక్షికీ ఒకటే. దీన్ని సినిమాగా తీస్తే నా జూనియర్లు కూడా చూడరు.

నిజమనిపించినది ఆ అబ్బాయి మీద కేసు పెట్టించే మంగపతి పాత్ర, శివాజీ వేసినది. ఏ సెక్షన్ పెట్టిస్తే బెయిలు రాదు సారూ అని నా ఆఫీసుకు వచ్చి, కుర్చీలో వెనక్కి వాలి, ఏ సంకోచమూ లేకుండా అడిగిన పెద్దమనుషులను నేను చూశాను. వారు అరవరు కూడా. ఆ పాత్ర అరుపుల కన్నా, అరవని క్షణాలే నన్ను భయపెట్టాయి.

చిటికి కట్టు (చౌటుప్పల్ దగ్గర), ఆదివారం రాత్రి 9.40

నేను చెప్పబోయేది కొత్త సినిమా కాదు, మన్నించాలి. పోయిన వారం మా అమ్మకు "మల్లేశం" చూపించాను. 2019లో విడుదలైనప్పుడు ఆమె థియేటరుకు రానన్నది. ఆసు యంత్రాన్ని తయారు చేసిన చింతకింది మల్లేశం గారిది ఆలేరు మండలం శారాజీపేట, నాటి ఉమ్మడి నల్లగొండే, కాబట్టి కథ మా ఇంటికి తెలియనిది కాదు. ఆమె రాకపోవడానికి కారణం కూడా అదే. ముప్పై ఏళ్ళు చేసిన పనిని డబ్బు పెట్టి ఎందుకు చూడాలి అన్నది.

ఆసు పోయడం తెలియనివారి కోసం రెండు మాటలు. అర్ధచంద్రాకారంలో ఉన్న చట్రానికి వరుసగా మేకులుంటాయి, వాటికి ఎదురుగా ఒక మేకు ఉంటుంది. దారాన్ని ఆ మేకు నుంచి చట్రంలోని ఒక్కొక్క మేకుకూ చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక చీరకు ఆ చెయ్యి సుమారు 9,000 సార్లు పోయి రావాలి, అందుకు నాలుగైదు గంటలు పడుతుంది. ఆ తరువాతే చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టడం), రంగులో ముంచడం, మగ్గం. మగ్గం మీద కూర్చున్నవారి పేరు చీరతో పాటు బయటికి పోతుంది, ఆసు పోసినవారి భుజం నొప్పి ఇంట్లోనే ఉంటుంది. మల్లేశం గారు 1999లో యంత్రం పూర్తిచేసి దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టారు. అదే చీర ఆసు గంటన్నరలో అయిపోతుంది.

సినిమాలో తల్లిగా ఝాన్సీ ఆసు పోసేటప్పుడు మా అమ్మ ఏమీ అనలేదు. ఎడమ చేత్తో తన కుడి భుజాన్ని పట్టుకొని కూర్చున్నది. ఆ సన్నివేశం అయిపోయాక కూడా చెయ్యి తియ్యలేదు. చివరన నేను ఎట్లున్నదమ్మా అని అడిగితే, "బాగనే తీసిండ్రు గని, ఆసు పోసుకుంట గన్ని మాటలు మాట్లాడితె లెక్క తప్పుతది" అన్నది. ఇదీ ఆమె సమీక్ష.

బొంబాయి బస్సు (నారాయణపేట), ఆదివారం రాత్రి 10.20

శేఖర్ కమ్ముల తీసిన "కుబేర"ను నా మిత్రులిద్దరు సాగదీత అని కొట్టిపారేశారు. మూడు గంటల నిడివి ఎక్కువేనని నేనూ ఒప్పుకుంటాను. రెండో సగంలో పరుగులు ఎక్కువై మనుషులు తగ్గారు. కానీ ఆ సినిమాలో ఒక విషయం నన్ను వదలడం లేదు. కోట్ల రూపాయలను దాచడానికి డబ్బున్నవారు బిచ్చగాళ్ళను వెతికి తెచ్చి, స్నానం చేయించి, కొత్త బట్టలు తొడిగి, వారి చేత సంతకాలు నేర్పించి పెట్టిస్తారు. ఏ కాగితమో, ఎందుకో సంతకం పెట్టినవారికి తెలియదు.

మా తాత గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని బొంబాయికి వలస పోయిన మనిషి. పాలమూరు లేబరు అంటే ఏమిటో ఇక్కడివారికి నేను వివరించనక్కరలేదు. దసరాకు ముందు మేస్త్రీ వచ్చి అరుగు మీద కూర్చుంటాడు, డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు, కాగితం మీద వేలిముద్ర వేయిస్తాడు. ఎన్ని నెలలు, ఏ ఊరు, ఏ పని అన్నది ఆ కాగితంలో ఉంటుందో ఉండదో చదువుకున్నవాడు మేస్త్రీ ఒక్కడే. మా తాత వేలిముద్ర వేశాక బొటనవేలిని గోడకు రుద్దేవాడట. మా పాత ఇంటి గుమ్మం పక్కన ఆ నీలి మరకలను నేను చూశాను. ధనుష్ ముఖంలోని ఆ అయోమయాన్ని నటన అనడానికి నాకు మనసు ఒప్పలేదు.

నిష్ఠూరం ఒకటి ఉన్నది. అంత ముంబై చూపించిన సినిమాలో పాలమూరు మనిషి ఒక్కడు కనబడలేదు. కామాఠీపురా పేరు వచ్చినదే తెలుగు నేల నుంచి పోయిన కామాఠీ కూలీల వల్ల. కట్టడపు కూలీల మీద బి.నర్సింగరావు గారు 1990లో తీసిన "మట్టి మనుషులు" తరువాత ఆ బతుకును అంత దగ్గరగా చూపిన తెలుగు చిత్రం నాకు గుర్తుకు రావడం లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

తుంగభద్ర ఇవతల (అలంపురం), సోమవారం ఉదయం 6.50

అన్నా, మీ నిష్ఠూరానికి నాదీ ఒకటి కలుపుకోండి. తెర మీద తెలంగాణ అంటే ఒకటే యాస. "బలగం" సిరిసిల్ల వైపు కథ, "దసరా" సింగరేణి బొగ్గు గనుల దగ్గరి కథ, "ఫిదా" బాన్సువాడ. మంచిదే. కానీ కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న మా ఊళ్ళలో కర్నూలు గాలి ఎక్కువ, నారాయణపేట, మక్తల్ వైపు మాటల్లో కన్నడం కలుస్తుంది, కోదాడ దాటితే కృష్ణా జిల్లా పలుకు. హైదరాబాదులో నేను మాట్లాడితే నువ్వు రాయలసీమనా అని అడుగుతారు. తెలంగాణనే అంటే, మరి ఆ సినిమాలో లాగా మాట్లాడవేం అంటారు! డబ్బింగులో ప్రతి మాట చివరా ఒకే దీర్ఘం లాగి, నడుమ రెండు "గట్ల"లు, ఒక "గిట్ల" వేస్తే యాస అయిపోయిందనుకునేవారు ఉన్నంత కాలం మా ఊరు తెర మీదికి రాదు.

పానగల్లు కట్ట, సోమవారం ఉదయం 7.30

యాస విషయంలో మీతో ఏకీభవిస్తాను, "బలగం"ను మాత్రం ఆ గాటన కట్టకండి. వేణు యెల్దండి ఆ సినిమాలో ఆ ఊరి మాటను ఆ ఊరి మనుషుల నోట ఉంచారు, దాన్ని తెలంగాణ మొత్తానికి నమూనా అని ఆయన ఎక్కడా అనలేదు. 2023 మార్చి 3న విడుదలై, 24న ప్రైమ్‌లోకి వచ్చేసిన తరువాత కూడా ఊళ్ళలో తెర కట్టుకొని చూశారంటే, పిట్టకు పెట్టిన అన్నాన్ని కాకి ముట్టకపోతే ఇంటిల్లిపాదికీ పట్టే దిగులు అందరికీ తెలిసినదే కాబట్టి. మీ అలంపురంలో కాకి కోసం ఎదురుచూడరా? చివరి పాటలో మొగిలయ్య గారు నోరు విప్పగానే మా వీధిలో తోడికోడళ్ళిద్దరు మాటలు కలుపుకున్నారు. ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు అందరమూ సంతోషించాం.

తుంగభద్ర ఇవతల, సోమవారం ఉదయం 7.41

కాకి విషయంలో ఓడిపోయాను. పద్మశ్రీ విషయంలో మీరు పొరబడ్డారు. "బలగం"లో పాడినవారు వరంగల్ వైపు బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ గార్లు. ఆ మొగిలయ్య గారు 2024 డిసెంబరులో కన్నుమూశారు. 2022లో పద్మశ్రీ అందుకున్నవారు పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య గారు, మా ఉమ్మడి పాలమూరువారు, "భీమ్లా నాయక్" పాట మొదట్లో వినిపించే గొంతు ఆయనది.

పానగల్లు కట్ట, సోమవారం ఉదయం 7.44

నిజమే, ఇద్దరినీ కలిపేశాను. దిద్దినందుకు కృతజ్ఞతలు.

కార్బన్ కడ్డీ (మిర్యాలగూడ), సోమవారం మధ్యాహ్నం 2.10

నేను ఇరవై రెండేళ్ళు ప్రొజెక్టరు ఆపరేటరుగా పనిచేసి, హార్డ్‌డిస్కులు వచ్చాక ఇంటికి చేరినవాణ్ణి. ఇప్పుడు మనవరాలి ఫోనులో చూస్తున్నాను. ఫోనులో సినిమా చూడడం కిటికీ సందులోంచి పెళ్ళి చూడడం లాంటిదే, అయినా చూస్తాను.

ఈ మధ్య చూసినవాటిలో మనసుకు తాకినది తమిళం నుంచి వచ్చిన "సత్యం సుందరం". అరవింద్ స్వామి ఎన్నో ఏళ్ళ తరువాత సొంత ఊరికి పెళ్ళికి పోతాడు. అక్కడ కార్తీ "బావా బావా" అంటూ ఒక్క క్షణం వదలడు, కానీ ఇతనికి అతని పేరు గుర్తుకు రాదు. అడగడానికి సిగ్గు. సినిమా అంతా ఆ ఒక్క సిగ్గు మీద నడుస్తుంది. అందులో ఒక సైకిలు ఉన్నది, దాని సంగతి చెబితే ముగింపు చెప్పినట్టే, కాబట్టి చెప్పను.

నిరుడు హాలియాలో ఒక పెళ్ళిలో ఒకాయన వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. చిన్నప్పుడు టికెట్టుకు డబ్బు లేకపోతే నేనే మెట్ల మీదుగా పైకి పిలిచి, ప్రొజెక్టరు గదిలో బల్ల మీద కూర్చోబెట్టి, అద్దాల రంధ్రంలోంచి సినిమా చూపించానట. ఒక్కసారి కాదు, చాలాసార్లు. అతని ముఖం నాకు ఏ మాత్రమూ గుర్తులేదు. భోజనాల దగ్గర పక్కనే కూర్చొని నాకు గారెలు వేయించాడు, పోయేటప్పుడు ఆటో ఎక్కించాడు, నేను మాత్రం పేరు అడగలేకపోయాను. కాబట్టి ఆ సినిమాలో ఏ సన్నివేశం నిజమని అడిగితే, మొత్తమూ అంటాను.

నిడివి ఎక్కువైందని విడుదలయ్యాక దాన్ని దాదాపు 18 నిమిషాలు తగ్గించారని విని నవ్వు వచ్చింది. మా కాలంలో ఆ పని మేమే చేసేవాళ్ళం. రెండో ఆట ఆలస్యమై పల్లెలకు పోయే ఆఖరి బస్సు తప్పిపోయేలా ఉంటే, మేనేజరు కింది నుంచి చెయ్యి ఊపేవాడు, రీలులోంచి ఒక పాట ఎగిరిపోయేది. రెండు హాళ్ళకు ఒకే ప్రింటు వచ్చినప్పుడు ఇక్కడ ఆడిన రీలును సైకిలు మీద అక్కడికి పంపేవాళ్ళం. ఒకసారి పిల్లవాడి సైకిలుకు గాలి పోయి, అవతలి హాలులో పావుగంట తెల్లటి తెర మీద ఈలలే ఆడాయి.

నల్లకోటు, సోమవారం మధ్యాహ్నం 2.35

పెద్దాయనా, చిన్న సందేహం. రీలు మారే ముందు తెర మీద కుడివైపు పై మూలన ఒక చుక్క మెరిసేది. అది ప్రింటు పాడై వచ్చిన మచ్చ అనుకునేవాణ్ణి.

కార్బన్ కడ్డీ, సోమవారం మధ్యాహ్నం 2.52

మచ్చ కాదు వకీల్ సాబ్, అది నాకు పంపిన కబురు. మొదటి చుక్క పడగానే రెండో ప్రొజెక్టరు మోటారు తిప్పాలి, కొన్ని సెకన్లకు రెండో చుక్క పడగానే వెలుగును ఇటు మార్చాలి. హాలులో ఎవరూ గమనించకపోతే పని బాగా చేసినట్టు. ఇన్నేళ్ళకు ఒక ప్రేక్షకుడు ఆ చుక్కను చూశానని చెప్పడం ఇదే మొదటిసారి.

నల్లబల్ల (దేవరకొండ), సోమవారం రాత్రి 8.05

బడి పని వల్ల ఆలస్యంగా వస్తున్నాను. "ది గర్ల్‌ఫ్రెండ్" చూశాను. రష్మిక బాగా చేసింది, అది అందరూ అన్నమాటే. నేను ఆగిపోయినది రోహిణి గారి దగ్గర. ఆ తల్లి పాత్రకు మాటలు లేవు. కొడుకు వెంట తెచ్చిన అమ్మాయిని చూస్తుంది, భయపడుతుంది, అంతే. పేరెంట్స్ మీటింగుకు వచ్చి, నేను ఏది అడిగినా పక్కనున్న భర్త వైపు చూసే తల్లులను ప్రతి ఏడాదీ చూస్తాను. అటువంటి తల్లి కూతురు తరగతిలో ఎలా కూర్చుంటుందో కూడా నాకు తెలుసు: గోడ వైపు చివరన, చెయ్యి సగమే ఎత్తి.

నిజం కానిదాని సంగతి అడిగారు. బడి మీద తీసిన సినిమాల్లో తరగతి గది ఎప్పుడూ శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది. మధ్యాహ్న భోజనం గంట ఎక్కడా మోగదు. "35 చిన్న కథ కాదు" వీటిలో మేలు. సున్నాకు విలువే లేకపోతే ఒకటి పక్కన చేరగానే పది ఎలా అవుతుందని ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నను, తండా నుంచి వచ్చే మా ఆరో తరగతి పిల్ల ఒకతె దాదాపు అదే తీరున అడిగింది. నేను సరైన జవాబు చెప్పలేదు, సిలబస్ పూర్తి చేయాలని దాటేశాను. సినిమా చూశాక మరుసటి రోజు ఆ పాఠం మళ్ళీ చెప్పాను.

ఈ చర్చ చదివాక ఒక ఆలోచన వచ్చింది. మా బడిలో పిల్లలకూ తల్లిదండ్రులకూ ఒక సాయంత్రం "మల్లేశం" వేసి చూపిస్తే ఎలా ఉంటుంది? చట్టప్రకారం అనుమతి కావాలా?

నల్లకోటు, సోమవారం రాత్రి 8.40

టీచర్ గారూ, 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లో దీనికి వెసులుబాటు ఉన్నది. విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా సినిమా వేసినప్పుడు, చూసేవారు సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థ కార్యక్రమాలతో సంబంధమున్నవారు మాత్రమే అయితే అది ఉల్లంఘన కాదు. ఊరంతటినీ పిలిస్తే ఆ వెసులుబాటు పోతుంది. ఓటీటీ ఖాతా నుంచి వేసేటట్లయితే వారి షరతులు వేరుగా ఉంటాయి, అవి చదువుకోండి.

కార్బన్ కడ్డీ, సోమవారం రాత్రి 8.58

ప్రొజెక్టరు దొరికితే నేను వస్తాను. తెల్లటి గోడ కన్నా ఉతికిన పంచె నయం, ముడతలు లేకుండా నాలుగు మూలలా లాగి కట్టాలి. మామూలు చిన్న స్పీకరు చాలదు.

చిటికి కట్టు, సోమవారం రాత్రి 9.15

మా అమ్మను తీసుకొని రావచ్చునా? ఆమె మీ బడి పిల్లల తల్లీ కాదు, సంరక్షకురాలూ కాదు.

నల్లకోటు, సోమవారం రాత్రి 9.22

పిల్లలకు ఆసు ఎలా పోస్తారో చూపించమని బడివారే ఆమెను పిలిచారనుకోండి. అప్పుడు ఆమె ఆ కార్యక్రమంతో సంబంధమున్న వ్యక్తే అవుతుంది.

చిటికి కట్టు, సోమవారం రాత్రి 9.50

అడిగాను. వస్తానన్నది. చట్రం ఆటోలో పట్టదు కాబట్టి బడిలో పాత బెంచీ చెక్క ఒకటి, ఇరవై మేకులు, సుత్తి సిద్ధంగా ఉంచమన్నది. దారం తానే తెచ్చుకుంటుందట.